డిస్కు సైజు ఒకటే, ధర వేరెందుకు?

మామూలు డి.వి.డి.ని, హై డెఫినిషన్ బొమ్మనిచ్చే బ్లూ-రే డిస్కును పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి వ్యాసమూ 12 సెంటీమీటర్లే, మందమూ 1.2 మిల్లీమీటర్లే. రెండూ పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. అయినా బ్లూ-రే మొదటినుంచీ ఎక్కువ ధరకే అమ్ముడైంది. ఎందుకని?

డిస్కులో సినిమా అంతా కంటికి కనిపించని సన్నని గుంటల రూపంలో ఉంటుంది. వాటిని లేజర్ కిరణం చదువుతుంది. డి.వి.డి.ని చదివే ఎర్ర కిరణపు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు. బ్లూ-రేని చదివే నీలి ఊదా కిరణానిది 405. సన్నని పాళీతో అదే కాగితం మీద ఎక్కువ అక్షరాలు రాయవచ్చు కదూ! అలాగే ఒక్క పొరలో డి.వి.డి. 4.7 గిగాబైట్లు పట్టించుకుంటే, బ్లూ-రే 25 గిగాబైట్లు పట్టించుకుంటుంది.

సన్నని పనికి ఖర్చెక్కువ. డి.వి.డి.లో గుంటలను కప్పే ప్లాస్టిక్ పొర మందం 0.6 మిల్లీమీటర్లు. బ్లూ-రేలో అది 0.1 మాత్రమే. కాబట్టి గీతలు పడకుండా గట్టి పూత వేయాలి, కొత్త యంత్రాలు కొనాలి. తోషిబా కంపెనీ తన హెచ్.డి. డి.వి.డి.లో పాత 0.6 పొరనే ఉంచి, పాత యంత్రాలతోనే చౌకగా చేయవచ్చునంది. అయినా 2008 ఫిబ్రవరిలో పోటీ నుంచి తప్పుకుంది. తయారీ ఖర్చు ఒక్కటే గెలుపోటములను తేల్చదన్నమాట.

ఇప్పుడు ఒక లెక్క. అచ్చు తయారీకి లక్ష రూపాయలు, ఆపైన ఒక్కో డిస్కుకు 10 రూపాయలు అవుతాయనుకుందాం. వెయ్యి డిస్కులు చేస్తే ఒక్కొక్కటి 110 రూపాయలు పడుతుంది. లక్ష చేస్తే? 11 రూపాయలే! 2007లో మోజర్ బేర్ కంపెనీ సినిమా వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మిందంటే, ఎక్కువమంది కొంటారన్న ధైర్యంతోనే. బ్లూ-రే కొనేవారు తక్కువ. అందుకే దాని ఖర్చు కొద్దిమంది మీదనే పడింది.

మరి ఎక్కువ ధర పెడితే మనకు దక్కేదేమిటి? జోగులాంబ గద్వాల జిల్లా ఆలంపూర్‌లోని నవబ్రహ్మ ఆలయాలను సినిమా తీశారనుకోండి. మన దేశపు డి.వి.డి.లో ఒక్కో బొమ్మకు 720 × 576, అంటే 4,14,720 చుక్కలు. బ్లూ-రేలో 1920 × 1080, అంటే 20,73,600. సరిగ్గా అయిదు రెట్లు! రాతి జాలీ కిటికీల చెక్కడం అంత స్పష్టంగా వస్తుంది.

కాని మన కన్ను మూడు మీటర్ల దూరం నుంచి సుమారు 0.9 మిల్లీమీటర్ల కంటే చిన్న చుక్కలను విడివిడిగా చూడలేదు. 43 సెంటీమీటర్ల వెడల్పున్న టి.వి.లో డి.వి.డి. చుక్క 0.6 మిల్లీమీటర్లే. అక్కడినుంచి చూస్తే బ్లూ-రేకి పెట్టిన డబ్బు దాదాపు వృథా! అదే ఒకటిన్నర మీటర్ల వెడల్పున్న తెరమీద డి.వి.డి. చుక్క 2 మిల్లీమీటర్లు దాటి, బొమ్మ మసకగా కనిపిస్తుంది. బ్లూ-రే చుక్క 0.8 లోపే ఉంటుంది.

ఒక వస్తువు ఖరీదైనదా, చౌకైనదా అన్నది ధర చీటీ ఒక్కటే చెప్పదు. దాన్ని ఎక్కడ, ఎలా వాడతామో కూడా చూడాలి. మీ ఇంటి టి.వి. వెడల్పును, మీరు కూర్చునే దూరాన్ని టేపుతో కొలవండి. మీకు ఏ డిస్కు చాలునో మీరే లెక్క కట్టండి!