మెదడు - జన్యువులు : చదువు రక్తంలో ఉంటుందా?

మేము ఈ హాస్టల్లో ఉండి పదవ తరగతి చదివే రోజుల్లో ఒక మాట తరచు వినేవాళ్ళం. "చదువు రక్తంలో ఉండాలిరా. మీ బుర్రలకు ఇంతకంటే ఎక్కదు" అని. లెక్కల పేపర్లు ఇస్తూ ఒక మాస్టారు అన్న మాట అది. ఆయనకు ఎదురుచెప్పే ధైర్యం గాని, చెప్పడానికి కావలసిన విషయం గాని అప్పుడు మా దగ్గర లేవు. తర్వాత మాలో కొందరం బయాలజీ వైపు వెళ్ళాం. ఈ సంచికకు వ్యాసం అడిగినప్పుడు ఆ మాటనే పట్టుకుందాం అనుకున్నాం. మెదడు పనితీరులో పుట్టుకతో వచ్చే తేడాలు ఉన్నాయా అంటే, ఉన్నాయి. అవి ఎక్కడ, ఎంత అన్నదే చూడాలి.

తమ్ముళ్ళూ, మెదడులోని నాడీకణాల మధ్య సన్నని ఖాళీ ఉంటుందని మీరు చదివే ఉంటారు. ఒక కణం ఆ ఖాళీలోకి ఒక రసాయనాన్ని వదిలితే అవతలి కణం అందుకుంటుంది. ఈ రసాయనాలే న్యూరోట్రాన్స్‌మిటర్లు. డోపమిన్, సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ వీటిలో కొన్ని. కబురు అందాక అవి అక్కడే ఉండిపోకూడదు. కొంత భాగాన్ని కణాలు వెనక్కి పీల్చుకుంటాయి, కొంత భాగాన్ని ఎంజైములు విడగొడతాయి, మళ్ళీ కొత్తది తయారవుతుంది. తయారీ, ఖర్చు ఎంత వేగంగా సాగుతున్నాయో దానినే టర్నోవర్ అంటారు.

మన హాస్టల్ వెనక నీళ్ళ తొట్టి గుర్తు తెచ్చుకోండి. పొద్దున ఆరింటికి చూసినా సగమే, ఏడింటికి చూసినా సగమే. ఆ సగం చూసి ఎన్ని బకెట్లు వాడారో చెప్పలేం. ఒకవైపు పంపు పోస్తుంటే మరోవైపు మనం తోడేస్తుంటాం కదా! బయటి కాలువలో పారిన నీళ్ళు కొలిస్తే తెలుస్తుంది. శాస్త్రవేత్తలు చేసే పని కూడా అదే. మెదడును, వెన్నుపామును తడుపుతూ మస్తిష్క మేరు ద్రవం ఉంటుంది. డోపమిన్ విరిగితే హోమోవనిలిక్ ఆమ్లం, సెరటోనిన్ విరిగితే 5-హైడ్రాక్సీ ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం అందులోకి చేరతాయి. నడుము దగ్గర వెన్నుపూసల మధ్య సూది గుచ్చి కొద్దిగా ద్రవం తీసి వాటిని కొలుస్తారు. వెన్నుపాము అంతకంటే పైనే ముగుస్తుంది కాబట్టి దానికి సూది తగలదు.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు ఏ జబ్బూ లేని వాలంటీర్ల నుంచి ఇలా ద్రవం తీసి, వారి జన్యువులతో పోల్చి చూశారు. ఇందులో ఒక చిక్కుంది. పొడుగు మనుషుల్లో ఈ వ్యర్థాల సాంద్రత తక్కువగా కనిపిస్తుంది. మెదడు నుంచి నడుము దాకా దారి పొడుగు కావడమే దానికి కారణమని భావిస్తారు. ఎత్తును లెక్కలోకి తీసుకోకపోతే, ఎత్తు వల్ల వచ్చిన తేడాను జన్యువు తేడా అనుకునే ప్రమాదం ఉంది.

ఇక జన్యువుల సంగతి. డోపమిన్‌ను విడగొట్టే ఎంజైముల్లో ఒకటి కేటకాల్-ఓ-మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్. పేరు పొడుగు కాబట్టి "కామ్ట్" అందాం. 1950ల చివర్లో దీన్ని కనుగొన్నది అమెరికా శాస్త్రవేత్త జూలియస్ ఆక్సెల్‌రాడ్. ఆయన తండ్రి బుట్టలల్లేవాడు. వైద్య కళాశాలల్లో సీటు దొరకక ఏళ్ళ తరబడి లేబొరేటరీలో సహాయకుడిగా పనిచేసి, 1955లో, నలభై దాటాక పిహెచ్.డి. తీసుకున్నాడు. 1970లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. మా మాస్టారు ఆయన బుర్ర గురించి ఏమనేవారో!

కామ్ట్ జన్యువు 22వ క్రోమోజోము మీద ఉంది. ఆ ఎంజైములో 158వ స్థానంలో కొందరికి వాలిన్ అనే అమైనో ఆమ్లం, కొందరికి మిథియోనిన్ ఉంటుంది. ఒక్క అక్షరం మార్పు. వాలిన్ రకం ఎంజైము మూడు నాలుగు రెట్లు చురుకు. మిథియోనిన్ రకం శరీర వేడికి నిలవలేక పని తగ్గిస్తుంది. నుదుటి వెనక ఉండే మెదడు భాగంలో డోపమిన్‌ను వెనక్కి లాగే ఏర్పాటు తక్కువ. అందుకే అక్కడ కామ్ట్ మీద భారం ఎక్కువ. విషయాన్ని కాసేపు మనసులో నిలుపుకోవడం, పద్ధతి మార్చి ఆలోచించడం ఆ భాగం పనులే.

2001లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. ఆలోచన మార్చుకోవలసిన ఒక కార్డుల పరీక్షలో మిథియోనిన్ రకం వాళ్ళు కొంచెం తక్కువ తప్పులు చేశారు. కాని మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో ఈ జన్యువు వివరించింది నూటికి 4 పాళ్ళే. 2008లో చాలా పరిశోధనలను కలిపి చూస్తే ఆ కొంచెం కూడా దాదాపు కనిపించలేదు. ఎంజైములో మూడు నాలుగు రెట్ల తేడా ఉన్నా, పరీక్ష దగ్గరికొచ్చేసరికి అది కరిగిపోతోంది!

మరో ఎంజైము మోనోఎమైన్ ఆక్సిడేజ్-ఎ. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కనుక మగపిల్లలకు తల్లి నుంచే వస్తుంది. ఇందులోనూ ఎక్కువ, తక్కువ పని చేసే రకాలున్నాయి. ఆరోగ్యవంతుల ద్రవంలో దీని ప్రభావం వెతికితే పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి కలవలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది మెండెల్ లెక్క. తల్లికీ తండ్రికీ రెండు కామ్ట్ రకాలూ ఒక్కొక్కటి ఉంటే, పిల్లల్లో ఒక్కొక్కరూ రెండూ వాలినే పొందే అవకాశం నాలుగింట ఒకటి, రెండూ మిథియోనినే పొందే అవకాశం కూడా అంతే. అంటే ఒకే కంచంలో తిన్న అన్నదమ్ముల మధ్యే ఈ తేడా ఉండవచ్చు. అన్ని ఖండాల ప్రజల్లోనూ రెండు రకాలూ ఉన్నాయి. "మీ బుర్రలు" అని ఒక గుంపును వేలుపెట్టి చూపడానికి ఈ జన్యువు ఏ విధంగానూ పనికిరాదు.

తొట్టికి రెండోవైపు పంపు కూడా ఉంది కదా. సెరటోనిన్ తయారీకి ట్రిప్టోఫాన్ కావాలి. దాన్ని ఆహారం నుంచే తీసుకోవాలి, పప్పు నుంచి, గుడ్డు నుంచి, పాల నుంచి. ఆరోగ్యవంతులకు ట్రిప్టోఫాన్ లేని అమైనో ఆమ్లాల పానీయం తాగిస్తే కొన్ని గంటల్లోనే మెదడులో సెరటోనిన్ తయారీ తగ్గుతుంది. డోపమిన్‌నూ సెరటోనిన్‌నూ తయారుచేసే రెండు ఎంజైములకూ ఇనుము తప్పనిసరి. మాలో ఎవరికి వాలినో, ఎవరికి మిథియోనినో మాకు తెలియదు, ఎవరమూ పరీక్ష చేయించుకోలేదు. మెస్‌లో పప్పు నీళ్ళలా ఉండేదని మాత్రం అందరికీ గుర్తుంది. ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన ఐరన్ మాత్రలను గోడ అవతలికి విసిరిన వాళ్ళలో మేమూ ఉన్నాం.