బొగ్గు గనుల గొంతుక – హేజెల్ డికెన్స్

అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు భాగంలో ఈశాన్యం నుండి నైరుతి దిశగా సాగే పర్వత పంక్తికి అపలాచియన్ పర్వతాలని పేరు. ఆ పర్వతాల నడుమ ఇరుకైన లోయలలో నివసించే ప్రజలది ప్రధానంగా స్కాట్లండ్, ఐర్లండ్, ఇంగ్లండ్ దేశాల నుండి వలస వచ్చిన వంశాల సంతతి. వారు తమ వెంట కథాగేయాలను, ఫిడేలును తెచ్చుకున్నారు. ఆఫ్రికా నుండి బానిసలుగా కొనిరాబడిన వారి వలన ఆ నేలకు బాంజో అనే తంత్రీవాద్యం పరిచయమైంది. ఈ రెండు ధారలూ చర్చి కీర్తనలతో కలిసి ప్రవహించగా ఏర్పడినదే కంట్రీ సంగీతం. అందులో ఒక విశిష్టమైన శాఖ బ్లూగ్రాస్. కెంటకీ రాష్ట్రానికి చెందిన బిల్ మన్రో 1939లో నాష్‌విల్ నగరం నుండి ప్రసారమయ్యే 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' రేడియో కార్యక్రమంలో చేరిన తరువాత ఈ శైలికి రూపురేఖలు దిద్దాడు. ఫిడేలు, మాండొలిన్, బాంజో, గిటారు, నిలువెత్తు బాస్ వాద్యం దీనికి అంగాలు. వాయించే వేగం ఎక్కువ. పాడే గొంతు తారస్థాయిలో, ఒంటరితనం ధ్వనించే తీరులో ఉంటుంది.

మన్రో బృందం పేరు 'బ్లూ గ్రాస్ బాయ్స్'. ఆ పేరు నుండే శైలికి పేరు వచ్చింది. అందులోని 'బాయ్స్' అనే మాటను కూడా గమనించాలి. ఆ వేదికలపై పక్కన నిలిచి వాద్యం వాయించిన స్త్రీలు లేకపోలేదు. కాని ముందు నిలిచి పాడేవారు, పాట కట్టేవారు, బృందాన్ని నడిపేవారు పురుషులే. అటువంటి రంగంలో, ఎటువంటి అండ లేని ఒక కార్మిక స్త్రీ తన గొంతుతో స్థానం సంపాదించుకుంది. ఆమె పేరు హేజెల్ డికెన్స్.

హేజెల్ వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు దక్షిణ భాగంలో, మెర్సర్ కౌంటీలోని మోంట్‌కామ్ అనే గని గ్రామంలో జన్మించింది. పదకొండు మంది సంతానంలో ఆమె ఎనిమిదవది. తండ్రి గనులకు కలప చేరవేసేవాడు. సొరంగాల పైకప్పు కూలకుండా నిలబెట్టే ఊతకర్రలకు ఆ కలప అవసరం. ఆయన బాంజో వాయించగలడు. ప్రిమిటివ్ బాప్టిస్ట్ శాఖకు చెందిన బోధకుడు కూడా. ఆ శాఖవారి ప్రార్థనలలో వాద్యాలకు తావు లేదు. పాడేవారు కేవలం కంఠంతోనే, దీర్ఘమైన స్వరాలతో, శృతి పెట్టె సహాయం కూడా లేకుండా కీర్తనలు పాడతారు. హేజెల్ పాటకు తొలి పాఠశాల ఆ ప్రార్థనా మందిరమే. రెండవది ఇంటిలోని రేడియో. అన్నలు, బావలు గనులలో పనిచేసేవారు. ఇంటిలో పేదరికం తీవ్రంగా ఉండేది. చదువు కొంతకాలమే సాగింది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం బొగ్గు గనులలో యంత్రాలు ప్రవేశించాయి. పని చేసే చేతుల అవసరం తగ్గింది. కొండ ప్రాంతాల నుండి కుటుంబాలకు కుటుంబాలే పారిశ్రామిక నగరాలకు తరలిపోయాయి. 1950వ దశకం తొలి సంవత్సరాలలో హేజెల్ కూడా మేరీలండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరం చేరింది. అక్కడ ఫ్యాక్టరీలలో కూలికి కుదిరింది, హోటళ్ళలో వడ్డన చేసింది, దుకాణాలలో పనిచేసింది. నగరవాసులు కొండ ప్రాంతపు వారిని 'హిల్‌బిల్లీ' అని ఎగతాళి చేసేవారు. యాసను, దుస్తులను, తిండిని వెక్కిరించేవారు. సొంత దేశంలోనే పరాయితనం అనుభవించిన ఆ వలస కూలీలకు, వారాంతంలో ఒకరి ఇంట చేరి పాడుకొనే పాత పాటలు తప్ప వేరొక ఊరట లేదు.

ఈ దశలో ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన పరిచయం ఒక క్షయ చికిత్సాలయంలో మొదలైంది. హేజెల్ సోదరులలో ఒకరు అక్కడ రోగి. యుద్ధంలో ఆయుధం పట్టడానికి తన మనస్సాక్షి అంగీకరించదని చెప్పి, సైనిక సేవకు బదులుగా ఆ ఆసుపత్రిలో పనిచేస్తున్న యువకుడు మైక్ సీగర్. ప్రఖ్యాత గాయకుడు పీట్ సీగర్‌కు ఇతడు సవతి తమ్ముడు. తల్లిదండ్రులు సంగీత విద్వాంసులు. పుస్తకాలలో, రికార్డులలో కొండ ప్రాంతపు సంగీతాన్ని వెదకుతున్న అతనికి, ఆ సంగీతమే జీవితంగా గల కుటుంబం ఎదురైంది. హేజెల్ అతనితోను, ఇతర మిత్రులతోను కలిసి చిన్న బృందాలలో బాస్ వాయిస్తూ పాడసాగింది.

ఆ మిత్ర బృందంలోనే ఆమెకు ఆలిస్ జెరార్డ్ తోడయింది. ఆలిస్ పశ్చిమ తీరంలో పెరిగిన కళాశాల విద్యార్థిని. ఒకరిది గని కార్మికుల ఇల్లు, మరొకరిది చదువుకున్న మధ్యతరగతి ఇల్లు. వీరి కంఠాల కలయికలో హేజెల్‌ది పై స్వరం. 1965లో వీరి తొలి రికార్డు 'హూజ్ దట్ నాకింగ్' వెలువడింది. స్త్రీలు ముందు నిలిచి నడిపిన బ్లూగ్రాస్ రికార్డులలో ఇది తొలి వాటిలో ఒకటి. 1966 తరువాత వీరు నల్లజాతి గాయకులతో కలిసి దక్షిణ రాష్ట్రాలలో పర్యటించి పాడారు. జాతి వివక్ష ఇంకా ఆరని రోజులలో తెల్లవారు, నల్లవారు ఒకే వేదిక నెక్కి పాడటం చిన్న సాహసం కాదు. వీరి 1973 నాటి రికార్డు ఒకటి కెంటకీలో నివసిస్తున్న నయోమీ జడ్ అనే తల్లి చేతికి చిక్కింది. అది విని ఆమె తన కుమార్తె వైనోనాతో కలిసి పాడటం అభ్యసించింది. 'ది జడ్స్' అనే పేరుతో ఆ తల్లీకూతుళ్ళు 1980వ దశకంలో కంట్రీ సంగీతంలో గొప్ప కీర్తి గడించారు. హేజెల్, ఆలిస్ జంటకు మాత్రం అంతటి ధనమూ, ప్రచారమూ దక్కలేదు. 1976లో ఇద్దరూ విడిపోయి ఎవరి దారిన వారు సాగారు.

హేజెల్ కంఠాన్ని మొదటిసారి విన్నవారికి అది మధురంగా తోచదు. కొంత గరుకుదనం, కొంత మొన ఉన్న గొంతు అది. స్వరాన్ని నునుపు చేసి అలంకరించే ప్రయత్నం ఆమె చేయలేదు, యాసను మార్చుకోలేదు. మన ఆలంకారికులు గ్రామ్యత్వాన్ని కావ్యదోషాలలో చేర్చారు. ఆ కొలతతో చూస్తే హేజెల్ పాట నిండా దోషమే. అయితే ఏ మాట ఎవరి నోట, ఏ సందర్భంలో వచ్చిందన్న ఔచిత్య విచారణ కూడా మన శాస్త్రంలోనే ఉన్నది. గని కూలి మరణాన్ని గని కూలి చెల్లెలు పాడేటప్పుడు గొంతు గరుకుగా ఉండటమే ఉచితం. ఆ పాటను పట్టువలె మెత్తని గొంతుతో పాడితే అదే దోషమవుతుంది.

ఆ మరణం ఆమె ఇంటిలోనే జరిగింది. బొగ్గు తవ్వేటప్పుడు లేచే సన్నని ధూళి ఏళ్ళ తరబడి శ్వాసతో లోనికి పోయి ఊపిరితిత్తులలో పేరుకుంటుంది. ఊపిరితిత్తులు గట్టిపడి, నల్లబడి, గాలి పీల్చే శక్తిని క్రమంగా కోల్పోతాయి. కార్మికులు దీనిని నల్ల ఊపిరితిత్తుల వ్యాధి అంటారు. ఒకసారి ముదిరితే నయం చేసే మందు లేదు. హేజెల్ అన్న థర్మన్ ఈ వ్యాధితోనే మరణించాడు. జీవితమంతా గనికి ధారపోసిన మనిషి చివరకు చేతిలో చిల్లిగవ్వ లేకుండా, ఊపిరి కోసం పెనుగులాడుతూ పోయాడు. ఆ దృశ్యం నుండి పుట్టిన పాట 'బ్లాక్ లంగ్'. వాద్యం ఏదీ లేకుండా, బాల్యంలో తండ్రి ప్రార్థనా మందిరంలో నేర్చిన పద్ధతిలో, ఒంటి గొంతుతో ఆమె దానిని పాడేది. వాల్మీకి శోకం శ్లోకమైందని మనం చదువుకున్నాం. ఇక్కడ శోకం ఫిర్యాదు కూడా అయింది.

ఆ ఫిర్యాదు ఆమె ఒక్కరిది కాదు. 1968 నవంబరు 20వ తేదీన వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్టన్ వద్ద గనిలో పేలుడు సంభవించి 78 మంది కార్మికులు మరణించారు. ఆ దుర్ఘటనపై హేజెల్ 'మానింగ్టన్ మైన్ డిజాస్టర్' అనే పాట రచించింది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో, ఊపిరితిత్తుల వ్యాధికి పరిహారం కోరుతూ ఆ రాష్ట్రంలో దాదాపు 40,000 మంది కార్మికులు పని నిలిపివేశారు. రాష్ట్ర శాసనసభ పరిహార చట్టం చేయక తప్పలేదు. 1969 డిసెంబరు 30న గని కార్మికుల ఆరోగ్య భద్రతకు సంబంధించిన సమాఖ్య చట్టం కూడా వచ్చింది. గాలిలో బొగ్గు ధూళి ఎంతకు మించరాదో ఆ చట్టం నిర్ణయించింది. వ్యాధిగ్రస్తులకు భృతి ఏర్పాటు చేసింది. ఈ చట్టాలు పాటల వలన వచ్చాయనడం అతిశయోక్తి. అవి కార్మికుల సమ్మె వలన, వితంతువుల పోరాటం వలన, కొందరు వైద్యుల సాక్ష్యం వలన వచ్చాయి. ఆ సభలలో మనుషులను కలిపి ఉంచిన వాటిలో పాట ఒకటి. దాని విలువ అంతమాత్రమే అయినా, అది తక్కువ విలువ కాదు.

1973లో కెంటకీలోని హార్లన్ కౌంటీలో బ్రూక్‌సైడ్ గని కార్మికులు తమ సంఘాన్ని గుర్తించాలని సమ్మెకు దిగారు. ఏడాదికి పైగా సాగిన ఆ సమ్మెలో కార్మికుల భార్యలు కర్రలు పట్టి దారులకు అడ్డంగా నిలిచారు. ఒక యువ కార్మికుడు తుపాకి గుండుకు బలి అయ్యాడు. దర్శకురాలు బార్బరా కోపుల్ ఆ ఘట్టాలను దగ్గర నుండి చిత్రించి, 1976లో 'హార్లన్ కౌంటీ, యు.ఎస్.ఎ.' అనే వార్తాచిత్రం నిర్మించింది. 1977లో దానికి ఆస్కార్ బహుమతి లభించింది. అందులో హేజెల్ కంఠం మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. ముగింపు పాట ఆమె ఆ చిత్రం కొరకే రచించినది. బొగ్గు గని ముఖం ఎరుగని లక్షలాది ప్రేక్షకులకు ఆమె గొంతు ఈ విధంగా చేరింది. పదేళ్ళ తరువాత, 1920 నాటి గని సమ్మెపై జాన్ సేల్స్ తీసిన 'మేట్‌వాన్' చిత్రంలో ఆమె శ్మశాన ఘట్టంలో స్వయంగా కనిపించి పాడింది.

ఆమె పాటలన్నీ గనులను గురించినవే అనుకోరాదు. మద్యశాలలలో కాలం గడిపే స్త్రీని నిందించే పాటలు కంట్రీ సంగీతంలో అనేకం. ఆమెను ఆ స్థితికి తెచ్చినవారిలో పురుషుడి పాత్ర ఎంత అని హేజెల్ ఎదురు ప్రశ్నిస్తూ పాట కట్టింది. ఇల్లు వదలి వెళ్ళే కూతురు తల్లి చేతిని విడువలేని క్షణాన్ని 'మామాస్ హ్యాండ్' అనే పాటలో నిలిపింది. దానిని లిన్ మోరిస్ అనే గాయని పాడగా, 1996లో అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంగీత సంఘం ఆ ఏటి ఉత్తమ గీతంగా ఎంపిక చేసింది. ఈ రెండు పాటలలోను హేజెల్ ఎవరికీ నీతి చెప్పదు. చూసినది చెప్పి ఊరకుంటుంది.

1960వ దశకం చివరినుండి ఆమె వాషింగ్టన్ నగరంలో నివసించింది. పేరు వచ్చిన తరువాత కూడా చాలాకాలం దుకాణంలో ఉద్యోగం చేసుకుంటూనే పాడింది. కార్మిక సభ అంటే ఎంత దూరమైనా వెళ్ళేది. 2001లో జానపద కళాకారులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే అత్యున్నత గౌరవమైన 'నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్' ఆమెకు లభించింది. 2011 ఏప్రిల్ 22వ తేదీన ఆమె మరణించింది. 2017లో బ్లూగ్రాస్ సంగీత సంఘం తన ప్రముఖుల జాబితాలో హేజెల్, ఆలిస్‌ల పేర్లను జంటగా చేర్చింది. విడిపోయిన నాలుగు దశాబ్దాల తరువాత ఆ రెండు పేర్లు మళ్ళీ పక్కపక్కన నిలిచాయి.

ప్రశ్నలు

1. హేజెల్ కంఠంలోని గరుకుదనాన్ని రచయిత ఏ విధంగా సమర్థించారు? మీ అభిప్రాయం తెలపండి.

2. హేజెల్ డికెన్స్, ఆలిస్ జెరార్డ్‌ల జీవిత నేపథ్యాలలోని భేదాన్ని వివరించండి.

3. 'ఇక్కడ శోకం ఫిర్యాదు కూడా అయింది' – సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.