పరదేశానికి సలహా చెప్పబోయే ముందు

మేనేజ్‌మెంటు చదువులకు పోదలచిన మిత్రుడొకడు మా హాస్టల్లో ఉన్నాడు. అతని నోట విన్న సంగతి ఇది. అమెరికాలోని ఎం.ఐ.టి. స్లోన్ స్కూల్లో 2000లో 'జి-ల్యాబ్' అనే కోర్సు మొదలుపెట్టారు. నలుగురేసి విద్యార్థులు ఒక జట్టు. వేరే దేశపు కంపెనీ తన చిక్కు చెబుతుంది. వీళ్లు దారి చూపాలి. అక్కడ ఉండేది జనవరిలో మూడు వారాలే. అంతకు ముందు నెలలన్నీ సన్నాహమే!

"ఓస్, వీసా, టిక్కెట్లేగా!" అన్నాను. కాదట. అసలు ప్రశ్న ఏమిటో తేల్చుకోవడమే పెద్ద పని. "అమ్మకాలు పెంచండి" అని కంపెనీ అడగొచ్చు. ఏ సరుకు? ఎవరికి? మూడు వారాల్లో తెమిలేదెంత? అది కాగితం మీద పెట్టి ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. దొరికే లెక్కలు ఇంటి దగ్గరే సేకరించి, కళ్లారా చూస్తేగాని తెలియని వాటికే ఆ మూడు వారాలు దాచుకోవాలి. మేము టైట్రేషన్‌కు ముందు బ్యూరెట్ కడిగి మొదటి రీడింగ్ రాసుకుంటామే, అలాంటిదే సుమా.

నాకు మా చేను గుర్తొచ్చింది. ఒక ఏడు వేరుశనగ ఆకులు పసుపెక్కితే సలహా చెప్పడానికి ఒకాయన వచ్చాడు. జీపు దిగకుండానే యూరియా చల్లమన్నాడు. నాన్న అప్పు తెచ్చి చల్లాడు. చేలో నీరు నిలిచి వేళ్లు కుళ్లుతున్నాయని రోజూ కలుపు తీసే అమ్మకు తెలుసు. ఆమెనెవరడిగారు? విత్తనాల ఖర్చు కూడా చేతికి రాలేదు.

మా మిత్రుడు ఎప్పటికైనా అలాంటి జట్టులో వెళ్తానంటున్నాడు. అతని నోటుపుస్తకంలో మొదటి ప్రశ్న నేనే రాసిచ్చాను: "అక్కడ రోజూ ఆ పని చేసేవాళ్లెవరు? వాళ్లను ఏ రోజున కలుస్తాం?"