పికప్పు బండికి చక్రాల ఎంపిక - కొంత లెక్క, కొంత రేగడి

ఫిజిక్సు విద్యార్థి సావనీరుకు వ్యాసం ఇస్తానంటే కృష్ణబిలాల మీదనో, క్వాంటం సిద్ధాంతం మీదనో ఇస్తాడని అనుకోవడం సహజం. నేను టైర్ల మీద రాస్తున్నాను. హాస్టల్లో మిత్రులు నవ్వారు గాని, రెండో సంవత్సరంలో మనం చదివిన యాంత్రిక శాస్త్రమంతా నాలుగు రబ్బరు చక్రాల్లో ఇంత చక్కగా ఇమిడి వుందని నాకూ ఈ పని నెత్తిన పడేదాకా తెలియదు.

పని ఎట్లా పడిందంటే, మాది తాండూరు వైపు. కంది పండే రేగడి నేల. కందుల డబ్బుకు కొంత అప్పు కలిపి మా నాయన, మా అన్న కలిసి చేతులు మారిన ఒక డబుల్ క్యాబిన్ పికప్పు కొన్నారు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే రకం. బండి బాగానే వుంది, టైర్లే అరిగిపోయాయి. మార్చక తప్పదు. అన్న ఆశ ఏమిటంటే, ఎట్లాగూ మారుస్తున్నాం గనుక 31 అంగుళాల మడ్ టైర్లు, బయటికి పొడుచుకొచ్చే వెడల్పు అల్లాయ్ రిమ్ములు వేయించాలని. నాయనకు అంత ఖర్చు ఇష్టం లేదు, కాని కాదనడానికి ఆయన దగ్గర కారణం లేదు. "తమ్ముడు హైదరాబాదుల సదువుతుండు గద, వాడే లెక్క దీసి చెప్పనీ" అని నాయన తీర్పిచ్చాడు. ఆ బండి మీద పది క్వింటాళ్ల కందులు మార్కెట్టుకు పోవాలి. అదే బండిలో మా అమ్మ, వదిన, చంటిపిల్ల చేవెళ్ల దారిన హైదరాబాదు ఆస్పత్రికి రావాలి. కనుక ఇది సోకు సంగతి మాత్రమే కాదు.

తార్నాక నుంచి హబ్సిగూడ వైపు పోతుంటే ఒక టైర్ల షాపులో మూడు సాయంత్రాలు నిలబడ్డాను. షాపాయన మంచివాడు, ఓపిక గలవాడు. అయితే ఆయన మాటల్లో "లుక్కు" అనే పదం ఎన్నిసార్లు వచ్చిందో, "లోడు" అనే పదం అన్నిసార్లు రాలేదు.

ముందుగా టైరు పక్కగోడ మీది రాతను చదవడం నేర్చుకోవాలి. మా బండికి కంపెనీ ఇచ్చిన సైజు 235/75 ఆర్ 15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. ఆర్ అంటే రేడియల్, 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఒకే వరుసలో శాతం, మిల్లీమీటరు, అంగుళం మూడూ కలిపి రాసిన ఈ వింత లెక్క ప్రపంచమంతటా చెల్లుతోంది. మనం పరీక్షలో యూనిట్లు ఇట్లా కలిపితే మార్కులు పోతాయి.

235లో 75 శాతం 176 మిల్లీమీటర్ల పైచిలుకు. పైనా కిందా రెండు గోడలు, మధ్య 381 మి.మీ. రిమ్ము కూడితే మొత్తం వ్యాసం 733.5 మి.మీ. అన్న కోరిన 31 అంగుళాల టైరు 787 మి.మీ. అంటే 54 మిల్లీమీటర్ల తేడా, శాతంలో ఏడుకు కొంచెం ఎక్కువ. ఇప్పుడు చూడండి. ఇరుసు నేల నుంచి పైకి లేచేది వ్యాసంలో తేడా అంత కాదు, అందులో సగమే. 27 మి.మీ., మన బొటనవేలి వెడల్పుకు కాస్త ఎక్కువ. లాభం ఇది.

నష్టం ఏమిటి? ఇంజను నుంచి చక్రానికి వచ్చే తిప్పుడు బలం, అనగా టార్కు, మారదు. దాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే నేలను వెనక్కి నెట్టే బలం వస్తుంది. వ్యాసార్ధం ఏడు శాతం పెరిగితే ఆ బలం సుమారు ఏడు శాతం తగ్గుతుంది. బండి లోడుతో గట్టు ఎక్కేటప్పుడు ఇది తెలుస్తుంది. బ్రేకు సంగతీ అంతే. కాలితో అంతే గట్టిగా తొక్కినా రోడ్డు మీద పనిచేసే ఆపుడు బలం అదే లెక్కన తగ్గుతుంది. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి నిజానికి 86 దగ్గర పోతుంటుంది. ఎత్తు పెరిగిన బండి, తగ్గిన బ్రేకు, తక్కువ చెప్పే మీటరు, ఈ మూడూ చేవెళ్ల రోడ్డు మీద చీకట్లో కలిస్తే ఏమవుతుందో పాఠకులే ఊహించవచ్చు.

ఇక్కడ చిన్న ప్రయోగం చెప్పాలి. మా సీనియరు ఒకాయన జీపుకు సరిగ్గా మా సైజు టైర్లే వున్నాయి. ఒక ఆదివారం ఉదయం ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు ఖాళీగా వున్నప్పుడు టైరు మీద, నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఒక్క చుట్టు తోసి, టేపుతో కొలిచాం. వ్యాసాన్ని పైతో గుణిస్తే 230 సెంటీమీటర్లు రావాలి. మాకు 224 వచ్చింది. బరువు కింద టైరు నొక్కుకుపోయి, ఉన్నదాని కంటె చిన్న చక్రంలా దొర్లుతుందన్నమాట. గాలి తగ్గించి మళ్ళీ కొలుద్దామనుకున్నాం గాని, సీనియరు ఒప్పుకోలేదు.

గాలి మాటకొస్తే, నా దృష్టిలో అసలు విద్య అంతా అక్కడే వుంది. టైరు నేలను తాకే మేర దాదాపుగా బరువును గాలి ఒత్తిడితో భాగించినంత. పక్కగోడ బిరుసు కొంత బరువు మోస్తుంది, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఒక చక్రం మీద 500 కిలోల బరువుంటే, 35 పాయింట్ల గాలి దగ్గర తాకే మేర సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. 18 పాయింట్లకు దించితే అది 390 దాటుతుంది. పైసా ఖర్చు లేకుండా పాదం రెండింతలయింది! వదులు ఇసుకలో, మెత్తటి చెలకలో దిగబడకుండా బండిని బయటికి తెచ్చేది ఈ ఉపాయమే. తిరిగి రోడ్డెక్కగానే గాలి నింపుకోవాలి, లేకుంటే పక్కగోడ వేడెక్కి పాడవుతుంది. కనుక పంపు కూడా బండిలో వుండాలి.

రేగడి సంగతి మాత్రం వేరు. నల్ల రేగడిలోని బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది, జిగురవుతుంది. వెడల్పు కట్లున్న మడ్ టైరైనా నాలుగు చుట్లు తిరిగేసరికి కట్ల సందులన్నీ మన్నుతో నిండి గుండ్రటి నున్నటి బంతి అయిపోతుంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప చక్రాలు బిగించేది ఊరికే కాదు. ఆ ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కితే తారు లేచిపోతుంది. ప్రతి నేలకూ సరిపోయే చక్రం లేదు. "రేగడిల వాన వడ్డనాడు బండి దించుడే వద్దు" అని మా నాయన అంటాడు. షాపులో దొరికే ఏ టైరు మీదా ఇంత మంచి సలహా అచ్చువేసి లేదు.

టైర్లు స్థూలంగా మూడు రకాలు. హైవే టైరు నున్నగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. మడ్ టైరు కట్లు పెద్దవి, తారు మీద హోరెత్తుతుంది, త్వరగా అరుగుతుంది, తడిసిన సిమెంటు రోడ్డు మీద పట్టు తక్కువ. వానాకాలంలో తార్నాక చౌరస్తాలో సడన్ బ్రేకు వేయవలసి వస్తే ఆ తేడా తెలుస్తుంది. మధ్యరకం ఆల్ టెర్రైన్. మా బండి నూటికి ఎనభై పాళ్లు రోడ్డు మీదే తిరుగుతుంది కనుక నా ఓటు దీనికే.

మా తాండూరులో ఇంకో శత్రువు వుంది. నాపరాయి. గనుల చుట్టుపక్కల బాటల్లో కత్తుల్లాంటి పెచ్చులు పడివుంటాయి. అడుగున మేకు దిగితే ట్యూబులెస్ టైరుకు పంక్చరు వేసుకోవచ్చు; పక్కగోడ కోసుకుపోతే ఆ టైరు ఇక పారెయ్యడమే. అందుకని కట్ల నమూనా చూసే కంటె పక్కగోడలో ఎన్ని పొరలున్నాయో అడగడం మాకు ముఖ్యం. పెద్ద రిమ్ము మోజు కూడా ఇక్కడే దెబ్బతింటుంది. 15 బదులు 18 అంగుళాల రిమ్ము వేసి 255/55 టైరు ఎక్కిస్తే మొత్తం వ్యాసం దాదాపు అంతే, 738 మి.మీ. కాని పక్కగోడ 176 నుంచి 140కి పడిపోతుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బ కాచుకునే రబ్బరు, గాలి తగ్గితే సాగే రబ్బరు, ఆ మేరకు పోయినట్టే. మెరిసే లోహం పెరిగింది, పనిచేసే గాలి తగ్గింది.

రిమ్ము ఇనుపదా, అల్లాయా? ఇనుము వంగుతుంది, ఊళ్ళో సుత్తితో కొట్టి సరిచేయవచ్చు. అల్లాయ్ తేలిక, చూపుకు బాగుంటుంది, కాని గట్టి దెబ్బకు పగులుతుంది. షాపాయన బరువు గురించి చాలా చెప్పాడు. చక్రం అంచున వున్న ప్రతి కిలో, ముందుకు సాగుతూ తిరుగుతుంది కూడా గనుక, వేగం అందుకునేటప్పుడు దాదాపు రెండు కిలోల పని పెడుతుందన్నది నిజమే. అయితే టన్ను మోసే బండికి ఆ తేడా పెద్దది కాదని నా లెక్క.

బయటికి పొడుచుకొచ్చే రిమ్ము మాత్రం నిజంగా ప్రమాదం. చక్రం బిగించే ముఖానికీ, రిమ్ము నడిమి గీతకూ మధ్య దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. ఇది తగ్గిన కొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. హబ్బులోని బేరింగు మీద పడే మెలి బరువు పెరుగుతుంది. గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగు చేతులను లాగుతుంది. మా ఊళ్ళో పొడుగు కర్ర చివర కుండ వేలాడదీసి మోసినవాడికి ఈ సూత్రం వేరే చెప్పనక్కర లేదు. నట్ల రంధ్రాలు ఒకే వలయంలో సరిపోయినంత మాత్రాన చాలదు. మధ్య రంధ్రం హబ్బు మీద బిగువుగా కూర్చోవాలి.

బరువు సూచిక అనే చిన్న అంకెను ఎవరూ చూడరు. సైజు పక్కనే వుంటుంది. 105 అంటే ఒక్క టైరు 925 కిలోలు మోయగలదు, 100 అంటే 800 మాత్రమే. పది క్వింటాళ్ల కందుల్లో 900 కిలోలు వెనక ఇరుసు మీద పడ్డాయనుకోండి, ఖాళీ బండి బరువు 750 వేసుకోండి. ఒక్కో వెనక చక్రానికి 825. చవగ్గా వచ్చిందని 100 సూచిక టైరు ఎక్కిస్తే, కంటికి ఏ తేడా కనిపించదు, ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డు మీద పేలేదాకా.

నాలుగు చక్రాల బండికే ప్రత్యేకమైన నియమం ఒకటుంది. మా బండిలో గేరు కర్ర లాగి నాలుగు చక్రాలూ కలిపితే ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరిగి తీరాలి. డబ్బు కలిసొస్తుందని రెండే కొత్త టైర్లు వేస్తే? కొత్తదాని కట్ల లోతు 11 మి.మీ., పాతదానిది 4 అయితే వ్యాసంలో 14 మి.మీ. తేడా. కిలోమీటరుకు ఎనిమిది చుట్లు ఎక్కువ తక్కువ. బురదలో ఆ తేడాను జారుడు మింగేస్తుంది, ఎండు తారు మీద జారుడు లేదు కనుక గేర్లు మింగాలి. అందుకే టైర్లు నాలుగూ ఒక్కసారే మార్చాలి, స్టెప్నీ కూడా అదే సైజు వుండాలి. అన్న అడిగిన అల్లాయ్‌ల డబ్బు ఈ అయిదో టైరుకు పోతుందని నా ప్రతిపాదన.

చట్టం మాట ఒకటి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును గట్టిగానే చెప్పింది. కట్ల లోతు 1.6 మి.మీ. కంటె తగ్గిన టైరుతో తిరగడమూ నేరమే. ఇన్సూరెన్సు వాళ్లకు చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము నాడు తగాదా తెస్తుంది.

ఇదంతా రాసి ఊరికి పంపితే అన్న ఫోను చేశాడు. "లెక్క మంచిగనే వుంది గని, బండి మాత్రం మేకపిల్ల లెక్క కనవడ్తది" అన్నాడు. అదే సైజు, ఆల్ టెర్రైన్, పాత ఇనుప రిమ్ములకే నల్ల రంగు - ఇంతవరకు ఒప్పుకున్నాడు. వచ్చే వారం తార్నాకలోనే కొంటున్నాం. టైరు మీద తయారీ తేదీ నాలుగంకెల్లో వుంటుంది. 2324 అంటే 2024లో ఇరవై మూడో వారం. రెండేళ్లు షాపులో పండిన సరుకు వద్దని షాపాయనకు ముందే చెప్పాను. బిగించిన తర్వాత వంద కిలోమీటర్లకు నట్లు మరోసారి బిగించి చూసుకోవాలి. అంటే సరిగ్గా తాండూరు చేరేసరికి అన్నమాట. పానా అన్న దగ్గర వుంది.