ఏటిగట్టుకు ఏ వైపు?

ప్రశ్న: కోనసీమలో గౌతమి పక్కన మండువా లోగిలి, దాన్నంటి 60 సెంట్ల కొబ్బరితోట అమ్మకానికి వచ్చాయి. నేనూ మావారూ రిటైరయ్యాం. మే నెలలో వెళ్లి చూసి మనసు పారేసుకున్నాం. బయానా ఇమ్మని తొందర పెడుతున్నారు. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ఇల్లు ఏటిగట్టుకు ఏ వైపున ఉందో మీరు రాయలేదు. ముందు తేలాల్సింది అదే. ఊరివైపు ఉంటే ఆలోచించండి. ఏటివైపు, అంటే లంకలో ఉంటే మాత్రం వరద రావడం ఖాయమనుకునే కొనాలి.

ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మొదటి హెచ్చరిక నాటికే పల్లపు లంకలకు వెళ్లే కాజ్‌వేలు మునిగి, నావలే దిక్కవుతాయి. 1986 ఆగస్టులో ప్రవాహం 35 లక్షలు దాటింది. 2022లో జులైలోనే 25 లక్షలు దాటింది. మే నెలలో మీరు చూసిన ఇసుకతిన్నెలను బట్టి ఈ నదిని అంచనా వేయలేం.

అందుకే బయానా ఇచ్చేముందు ఆగస్టులో ఒకసారి వెళ్లి అక్కడ రెండు రోజులుండండి. మధ్యవర్తిని కాదు, పక్కింటి పెద్దవాళ్లను అడగండి: "ఎనభయ్యారులో నీళ్లు ఎందాకా వచ్చాయండీ?" గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. అటక మీద ధాన్యం, సామాను ఎందుకు పెట్టుకున్నారో కూడా అప్పుడే తెలుస్తుంది.

వరద కంటే నాకు ఎక్కువ భయం కోత. వరద నాలుగు రోజులకు తీసిపోతుంది, ఒండ్రు కడుక్కుని మళ్లీ కాపురం చేసుకోవచ్చు. ఏరు కోసుకుపోయిన నేల మాత్రం మళ్లీ మీ చేతికి రాదు. ఒడ్డున కొబ్బరిచెట్లు వేళ్లు బయటపడి నీటివైపు ఒరిగి ఉన్నాయేమో చూడండి. సర్వేయరును పిలిపించి, ఎఫ్‌ఎంబీ పటంలోని హద్దులకు ఇప్పటి ఒడ్డు ఎంత లోపలికి జరిగిందో కొలిపించండి. కోత నడుస్తున్న చోట ఎంత చవగ్గా ఇస్తామన్నా కొనకండి.

ప్రశ్న: మేం గట్టుకు ఊరివైపే ఇల్లు కొన్నాం. అయినా వరద రోజుల్లో పెరట్లో నీరు ఊరుతోంది. గట్టు తెగుతుందా?
– ఒక పాఠకుడు, రావులపాలెం

సమాధానం: అప్పుడు ఏట్లో నీటిమట్టం మీ పెరడు కంటే ఎత్తున ఉంటుంది. ఆ ఒత్తిడికి నీరు అడుగునున్న ఇసుక పొరల్లోంచి వచ్చి పైకి ఊరుతుంది. తేటగా, నెమ్మదిగా వస్తుంటే గమనిస్తూ ఉండండి. బురదగానో, ఇసుకను ఎగదోస్తూనో వస్తుంటే అడుగున గట్టు మట్టి కొట్టుకుపోతోందన్నమాట. అర్ధరాత్రయినా సరే జలవనరుల శాఖ వాళ్లకు కబురు చేయండి. ఊటను మట్టితో పూడ్చకండి, నీరు ఇంకోచోట పొడుచుకొస్తుంది. దాని చుట్టూ ఇసుకబస్తాలు పేర్చి లోపల నీరు కొంత ఎత్తు నిలిచేలా చేస్తే ఒత్తిడి తగ్గి ఇసుక రావడం ఆగుతుంది. గట్టు పాదం దగ్గర చేపల చెరువు గానీ గొయ్యి గానీ ఎవరు తవ్వుతున్నా ఊరంతా కలిసి ఆపించండి.

ప్రశ్న: మేం కొనబోయే తోట ముందు మేట వేసి అరెకరం పెరిగింది. అమ్మేవాళ్లు దానికీ కలిపి ధర చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: పట్టాలో లేని మేటకు పైసా కూడా ఇవ్వకండి. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం నదీగర్భం ప్రభుత్వ ఆస్తి. పైగా మరో పెద్ద వరదొస్తే ఆ మేట ఉంటుందో లేదో చెప్పలేం. అసలు తోటకైనా ఈసీ, అడంగల్, 1బి తీయించి, సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. లంకల్లో చాలా భూములు లీజువో, డి-పట్టావో అయి ఉంటాయి. అరెకరం తీసేసి ధర చెప్పమనండి. ఒప్పుకోకపోతే బేరం వదిలేయండి.