అమ్మకు 30కి 17 వస్తే డిమెన్షియానేనా?

ప్రశ్న: మాది శాలిబండ. అమ్మకు 71 ఏళ్లు. చదువుకోలేదు, లాడ్‌బజార్‌లో గాజులమ్మేది. ఈ మధ్య చెప్పిందే చెబుతోంది. ఎంఎంఎస్‌ఈ అనే జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 17 వచ్చాయి. రక్తపరీక్షతో తేలిపోతుందా?

జవాబు: ఆ 17 చూసి బెంబేలు పడకండి. 1975లో అమెరికాలో వచ్చిన ఈ పరీక్షలో వాక్యం రాయాలి, పంచకోణాలు చూసి గీయాలి. ఎన్నడూ పెన్ను పట్టని చేతికి అక్కడే మార్కులు పోతాయి. చదువు రానివారికీ పనికొచ్చేలా ఐసీఎంఆర్ తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షలు రూపొందించింది. వాటితో మళ్లీ చూపించండి.

నేనైతే అమ్మను ఇలా అడుగుతాను: డజను గాజులు 40 రూపాయలు, రెండు డజన్లు తీసుకుని వంద నోటిస్తే చిల్లరెంత? నిరుడు ఠక్కున చెప్పిన మనిషి ఇప్పుడు వేళ్లు ముడుస్తూ ఆగిపోతుంటే, నాకు మార్కులకన్నా అదే పెద్ద ఆధారం.

రక్తపరీక్షల్లో ముందు బి12, థైరాయిడ్. ఈ లోపాలు సరిచేయగలిగినవి. దిగులు, వినికిడి కూడా చూడాలి. పి-టావ్ 217 అనే కొత్త పరీక్ష మెదడులో అల్జీమర్స్‌కు గుర్తైన అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుందేమో సూచిస్తుంది, అంతే. మతిమరుపు లేని పెద్దల్లోనూ అమిలాయిడ్ ఉండొచ్చు. చిన్నచిన్న పక్షవాతాల జాడ అందులో కనపడదు, దానికి ఎంఆర్‌ఐ కావాలి.

అమ్మ ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడేదైతే డాక్టరుకు చెప్పండి. నిమ్స్‌లో 648 మంది రోగులపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలవారికి డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు లేనివారిలోనూ ఆ తేడా కనిపించింది. పరీక్ష ఆమెకు ఏ భాష హాయిగా ఉంటే అందులోనే జరగాలి.