అక్షర రక్షణ

అక్షరమనగా నశింపనిది. కంప్యూటరులో ఆ అర్థం నిలవాలంటే ప్రోగ్రాము వ్రాసేవారు జాగ్రత్త వహించాలి.

హైదరాబాదులోని 'చందానగర్' పేరునే తీసుకొందాం. యూనికోడ్‌లో ఇది 8 సంకేతాలు: చ, సున్న, ద, దీర్ఘం, న, గ, ర, పొల్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు, మొత్తం 24. చిరునామా గడిలో 20 బైట్లకే చోటుంటే 'ర' మధ్యకు తెగి, అర్థంలేని 2 బైట్లు మిగులుతాయి. ప్రోగ్రాము వాటిని చడీచప్పుడు లేకుండా తొలగిస్తే ఊరు 'చందానగ' అవుతుంది; పొరపాటు ఎవరికీ తెలియదు. ఆంగ్లాక్షరానికి 1 బైటే కనుక ఆంగ్ల పేర్లతో పరీక్షిస్తే ఈ దోషం బయటపడదు.

కాబట్టి దోషాన్ని దాచరాదు. మూలపాఠాన్ని భద్రపరచాలి, దోషమున్న చోటును తెలపాలి, కుదించవలసి వస్తే పూర్తి అక్షరం వద్దనే ఆపాలి.

బైట్లు సరిగా ఉన్నా ప్రమాదం తొలగదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం, కంటికి కనబడని ఒక సంకేతంతో కలిసి వచ్చినప్పుడు, ఐఫోన్లలో కొన్ని అనువర్తనాలు ఆగిపోయాయి. యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 ద్వారా ఆ లోపాన్ని సవరించింది. ఎట్టి పాఠం వచ్చినా ప్రోగ్రాము కూలిపోరాదు.

పదాలు – అర్థాలు
మూలపాఠం = మార్పు చేయని మొదటి పాఠం
కుదించు = తగ్గించు

ప్రశ్నలు
1. 'చందానగర్' పేరు 'చందానగ'గా ఎట్లు మారుతుంది?
2. దోషాన్ని దాచుట ఎందుకు ప్రమాదకరం?